డేటాసోర్స్ సెట్టింగులు: @వాల్యూ రాయాలా, @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ రాయాలా, అసలు ఏమీ రాయకుండా వదిలేయాలా?

విశాఖలో రుషికొండ ఐటీ హిల్స్ మీద, మధురవాడ చుట్టుపక్కల ఉన్న చిన్న కంపెనీల జావా ప్రాజెక్టులు తెరిచి చూస్తే ఒక సంగతి తరచుగా కనిపిస్తుంది. డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడానికి (అంటే డేటాసోర్స్ అనే ఆబ్జెక్టు కట్టడానికి) కావలసినవి నాలుగైదు విలువలే: యూఆర్‌ఎల్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, పూల్ (సిద్ధంగా ఉంచే కనెక్షన్ల గుంపు) సైజు, టైమ్‌అవుట్. అవి మాత్రం ఒక్కో క్లాసులోకి ఒక్కో దారిన వస్తుంటాయి. ఒకచోట @వాల్యూ అనే ఆనొటేషన్ (కోడ్ మీద @ గుర్తుతో పెట్టే సూచన), ఇంకోచోట @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్, మరోచోట ఎన్విరాన్‌మెంట్ ఆబ్జెక్టుని నేరుగా అడగడం. అన్నీ పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరూ వాటి జోలికి పోరు. టెస్ట్ సర్వర్ నుంచి ప్రొడక్షన్‌కి మారే రోజునో, రెండో డేటాబేస్ వచ్చిపడిన రోజునో టెన్షన్ మొదలవుతుంది.

స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. డేటాబేస్ ఒక్కటే అయితే ఏ ఆనొటేషనూ రాయకండి. రెండోది వచ్చిందంటే @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్‌కి వెళ్ళండి. @వాల్యూ మంచిదే, కానీ డేటాసోర్స్ దగ్గర దానికి పనిలేదు.

ముందు అడగాల్సిన ప్రశ్న

ఏ ఆనొటేషన్ బాగుంటుంది అని మొదలుపెడితే తేలదు. ఈ విలువని ఎవరు, ఎప్పుడు, ఎలాంటి పరిస్థితిలో మారుస్తారు అని ముందు అడగాలి.

గాజువాకలో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఉందనుకుందాం. పోర్టు నుంచి కంటైనర్లు తీసుకెళ్ళే లారీల ట్రిప్పులు, డీజిల్ ఖర్చు, బిల్లులు అన్నీ ఒక అప్లికేషన్‌లో నడుస్తున్నాయి. డేటాబేస్ వాళ్ళ ఆఫీసు సర్వర్‌లోనే ఉంది, దాని కాపీ ముంబైలోనో హైదరాబాద్‌లోనో క్లౌడ్‌లో ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేకుండా పోయిన సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి సమయంలో అప్లికేషన్‌ని క్లౌడ్ కాపీ వైపు తిప్పాలంటే మార్చాల్సింది యూఆర్‌ఎల్, బహుశా దాంతోపాటు పాస్‌వర్డ్. ఆ మార్పు చేసే మనిషి కోడ్ రాసిన మనిషి కాకపోవచ్చు. ఊళ్ళోనే ఉండకపోవచ్చు. ఆయన చేతిలో కోడ్ ఉండదు, బిల్డ్ చేసే మెషీన్ కూడా అందుబాటులో ఉండదు.

అందుకని నేను ప్రతి పద్ధతినీ ఈ కొలతలతోనే చూస్తాను. మళ్ళీ బిల్డ్ చేయకుండా మార్చగలమా? మార్చాల్సిన చోటు ఒక్కటేనా? కీ (అంటే సెట్టింగ్) పేరు ఊహించగలిగేలా ఉందా? తప్పు రాస్తే అప్లికేషన్ స్టార్ట్ అయ్యేటప్పుడే ఆగిపోతుందా, లేక గుట్టుగా నడుస్తూ సాయంత్రానికి కొంప ముంచుతుందా?

ఏమీ రాయకపోవడం

ఇది చాలామంది ఒక ఎంపికగా లెక్కలోకే తీసుకోరు. సెట్టింగుల ఫైల్లో స్ప్రింగ్.డేటాసోర్స్ అనే ప్రిఫిక్స్ (కీ పేరు ముందు భాగం) కింద యూఆర్‌ఎల్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చేస్తే చాలు, బూట్ తనే కనెక్షన్ పూల్ కట్టి బీన్‌గా (స్ప్రింగ్ తన చేతిలో ఉంచుకునే ఆబ్జెక్టుగా) ఇచ్చేస్తుంది. డ్రైవర్ క్లాస్ ఏదో కూడా యూఆర్‌ఎల్ చూసి తనే తెలుసుకుంటుంది. 2018లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.0 నుంచి డిఫాల్ట్ పూల్ హికారీ అనే లైబ్రరీ. దాని సెట్టింగులన్నీ స్ప్రింగ్.డేటాసోర్స్.హికారీ కింద రాయొచ్చు.

తుఫాను పరీక్షలో ఈ పద్ధతే ముందుంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ బయట, ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టే విలువ) రూపంలో అదే కీ పేరుని పెద్ద అక్షరాల్లో, చుక్కల బదులు అండర్‌స్కోర్లతో రాస్తే సరిపోతుంది. ఫైల్లో ఉన్నదానికన్నా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌దే పైచేయి, దానికన్నా కమాండ్ లైన్‌లో ఇచ్చినదానిది ఇంకా పైచేయి. మీ ప్రాజెక్ట్ ఒక్కసారి కూడా చూడని మనిషైనా, స్ప్రింగ్ బూట్ తెలిసుంటే ఈ కీ పేరు చెప్పేయగలడు. మీరు సొంతంగా పెట్టుకున్న పేర్లకి ఆ సౌకర్యం లేదు.

కాకపోతే ఏమీ రాయలేదు కదా అని డిఫాల్ట్ విలువల్ని కూడా చూడకుండా వదిలేయకూడదు. హికారీలో పూల్ గరిష్ఠ సైజు 10. కనెక్షన్ దొరక్కపోతే 30 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తుంది. ఒక కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షు 30 నిమిషాలు. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని 10 నిమిషాల తర్వాత తీసేసే సెట్టింగ్ ఒకటుంది గానీ, కనీస ఖాళీ కనెక్షన్ల సంఖ్య గరిష్ఠ సైజు కన్నా తక్కువ పెట్టినప్పుడే అది పనిచేస్తుంది. డిఫాల్ట్‌గా ఆ రెండూ సమానం కాబట్టి, ఆ 10 నిమిషాల విలువని ఎంత మార్చినా ఏ తేడా కనిపించదు. దీని మీద గంటలు గడిపేవాళ్ళుంటారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

పూల్ సైజు పెంచేముందు డేటాబేస్ వైపు కూడా చూడాలి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లే ఇస్తుంది, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టుకుంటుంది. మీ అప్లికేషన్‌ని నాలుగు కాపీలుగా నడుపుతూ ఒక్కోదానికి పూల్ సైజు 25 అని రాస్తే లెక్కకి 100 అవుతుంది, దొరికేది 97. రద్దీ లేనంతకాలం ఇది బయటపడదని కూడా అనుకోకండి. హికారీ మామూలుగా పూల్‌ని నిండుగానే ఉంచాలని చూస్తుంది కాబట్టి నాలుగో కాపీ పైకి లేచేటప్పుడే లాగ్‌లో ఎర్రర్లు కనిపించొచ్చు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ 151. ఈ సంఖ్యలు తెలియకుండా పూల్ సైజుని ఏ ఆనొటేషన్‌తో లోడ్ చేసినా లాభం లేదు.

@వాల్యూ ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ కాదు

@వాల్యూ 2009లో స్ప్రింగ్ 3.0తో వచ్చింది. డాలర్ గుర్తు, కర్లీ బ్రాకెట్లు, మధ్యలో కీ పేరు రాస్తే ఆ విలువ ఫీల్డ్‌లోకి వచ్చేస్తుంది. నేర్చుకోవడం తేలిక, చదవడం తేలిక. స్ప్రింగ్ ఎక్స్‌ప్రెషన్ భాషలో చిన్న లెక్కలు కూడా రాసుకోవచ్చు, ఆ సదుపాయం @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్‌కి లేదు. బిల్లు పీడీఎఫ్‌లు ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, ఒక్కసారికి ఎన్ని ఎస్ఎంఎస్‌లు పంపాలి వంటి విడి విలువలకి ఇదే సరైనది. ఒక్క విలువ కోసం క్లాస్ కట్టడం దండగ.

డేటాసోర్స్ విలువలు అలా విడివిడిగా ఉండవు. యూఆర్‌ఎల్ మారితే యూజర్ పేరు మారొచ్చు, డేటాబేస్ మారితే పూల్ సైజు మారాలి. వాటిని ఐదు ఫీల్డుల మీద ఐదు @వాల్యూలుగా పరిస్తే, వాటి మధ్య సంబంధం కోడ్‌లో ఎక్కడా కనిపించదు. రిపోర్టుల క్లాసు రాసిన అమ్మాయి అదే యూఆర్‌ఎల్ కీని తన క్లాసులో మళ్ళీ రాసుకుంటుంది. రేపు కీ పేరు మార్చాలంటే ప్రాజెక్ట్ అంతా వెతకాలి.

దీనికన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది డిఫాల్ట్ విలువ. @వాల్యూలో కీ దొరక్కపోతే అప్లికేషన్ స్టార్ట్ అవ్వకుండా ఆగిపోతుంది. అది చాలా మంచి లక్షణం. కానీ కీ పేరు తర్వాత కోలన్ పెట్టి లోకల్‌హోస్ట్ యూఆర్‌ఎల్ రాసేశారనుకోండి, ఆ రక్షణని మీ చేతులతో మీరే తీసేసినట్టే. ప్రొడక్షన్‌లో కీ పేరు ఒక్క అక్షరం తప్పినా అప్లికేషన్ ఏ ఫిర్యాదూ లేకుండా లోకల్‌హోస్ట్‌కి వెళ్ళిపోతుంది. ఆ సర్వర్‌లో పాత టెస్ట్ డేటాబేస్ ఒకటి మిగిలి ఉంటే, ఆ రోజు ట్రిప్పుల లెక్కలన్నీ అందులో పడతాయి. పాస్‌వర్డ్‌ని కూడా అలాగే కోలన్ తర్వాత రాసేవాళ్ళున్నారు. అది గిట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. డేటాసోర్స్ విలువలకి కోలన్ డిఫాల్ట్ వద్దు, ఈ ఒక్క మాటలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను.

పేర్ల సంగతి ఇంకొకటి. కీని @వాల్యూలో చిన్న అక్షరాలతో, మధ్యలో హైఫన్లతో రాస్తే బూట్ దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి కూడా పట్టుకుంటుంది. అదే కీని మధ్యలో పెద్ద అక్షరం పెట్టి కేమెల్ కేస్‌లో రాస్తే, హైఫన్ రూపాన్ని గానీ వేరియబుల్‌ని గానీ పట్టించుకోదు. మీ ల్యాప్‌టాప్‌లో ఫైల్ నుంచి చదివి బ్రహ్మాండంగా నడిచినది డాకర్ లాంటి కంటైనర్‌లో ఆగిపోవడానికి తరచుగా ఇదే కారణం.

ఇక స్టాటిక్ ఫీల్డ్ మీద @వాల్యూ పనిచేయదు. ఫీల్డ్ మీద పెట్టిన విలువ కన్‌స్ట్రక్టర్ నడిచే సమయానికి ఇంకా రాదు. ఆ క్లాసుని మీరే న్యూ అని సృష్టిస్తే ఎప్పటికీ రాదు.

@కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్: అసలు బలం, అసలు గోతులు

ఇది స్ప్రింగ్ బూట్‌తో పాటే 2014లో వచ్చింది. ఒక ప్రిఫిక్స్ చెబితే ఆ కింద ఉన్న విలువలన్నీ ఒకే ఆబ్జెక్టులో చేరతాయి. హైఫన్, కేమెల్ కేస్, పెద్ద అక్షరాల వేరియబుల్ ఏ రూపంలో ఇచ్చినా పట్టుకుంటుంది. బూట్ 3 వాడుతుంటే జావా రికార్డుగా రాసేయొచ్చు, మార్చడానికి వీల్లేని ఆబ్జెక్టు చేతికొస్తుంది. ఆనొటేషన్ ప్రాసెసర్ డిపెండెన్సీ ఒకటి కలుపుకుంటే మీ సొంత కీలకి కూడా ఎడిటర్‌లో సూచనలు వస్తాయి.

గాజువాక కంపెనీకి రెండో డేటాబేస్ వచ్చిందనుకోండి. ట్రిప్పులు పోస్ట్‌గ్రెస్‌లో, అకౌంట్స్ వాళ్ళ పాత లెక్కలు మైఎస్‌క్యూఎల్‌లో. ఇక్కడ బూట్ ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్ సరిపోదు. పైగా మీరు డేటాసోర్స్ బీన్ ఒక్కటి మామూలుగా సొంతంగా రాసినా బూట్ తను చేయాల్సింది మానేసి పక్కకి తప్పుకుంటుంది. కాబట్టి రెండూ మీరే రాయాలి, ఒకదాన్ని @ప్రైమరీ అని గుర్తుపెట్టాలి, జేపీఏ (జావా ఆబ్జెక్టుల్ని టేబుళ్ళకి జతచేసే పద్ధతి) వాడుతుంటే ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ, ట్రాన్సాక్షన్ మేనేజర్ కూడా రెండేసి రాయాలి.

ఇక్కడ దాదాపు అందరూ పడే గొయ్యి ఒకటుంది. బీన్ మెథడ్ మీద @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ పెట్టి, నేరుగా హికారీ డేటాసోర్స్‌ని రిటర్న్ చేస్తారు. ఫైల్లో అలవాటు ప్రకారం యూఆర్‌ఎల్ అనే కీ రాస్తారు. జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే పద్ధతి) యూఆర్‌ఎల్ లేదంటూ అప్లికేషన్ ఆగిపోతుంది. కళ్ళ ముందే యూఆర్‌ఎల్ ఉంటే లేదంటుందేమిటని తల పట్టుకుంటారు. కారణం ఇది: హికారీ క్లాసులో యూఆర్‌ఎల్ అనే ప్రాపర్టీ లేదు, దాని పేరు జేడీబీసీ-యూఆర్‌ఎల్. ఆటోమేటిక్ పద్ధతిలో మధ్యలో డేటాసోర్స్‌ప్రాపర్టీస్ అనే బూట్ క్లాస్ ఒకటి ఉండి ఈ మార్పిడి చేస్తుంది. మీరు దాన్ని దాటేసి నేరుగా వెళ్ళారు.

కీ పేరుని జేడీబీసీ-యూఆర్‌ఎల్ అని మార్చినా పని జరుగుతుంది. నేను సూచించేది మాత్రం రెండో దారి. ఒక్కో డేటాబేస్‌కి డేటాసోర్స్‌ప్రాపర్టీస్ బీన్ ఒకటి, దాని ప్రిఫిక్స్ మీ ఇష్టం. దాని మీద ఇనిషియలైజ్‌డేటాసోర్స్‌బిల్డర్ మెథడ్ పిలిచి, టైప్ హికారీ అని చెప్పి, అసలు డేటాసోర్స్ కట్టాలి. పూల్ సెట్టింగుల కోసం ఆ రెండో బీన్ మీద ఇంకో ప్రిఫిక్స్. నాలుగు లైన్లు ఎక్కువే, కానీ రెండు డేటాబేసులకీ కీలు ఒకే తీరులో ఉంటాయి, రాత్రిపూట ఫైల్ తెరిచిన మనిషి తికమకపడడు.

రెండో గొయ్యి దీనికన్నా లోతు. తెలియని కీలు కనిపిస్తే @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ మామూలుగా నోరెత్తదు. మ్యాగ్జిమమ్-పూల్-సైజ్‌లో ఒక అక్షరం తప్పు రాస్తే ఆ లైన్‌ని వదిలేసి పూల్ 10తోనే నడిపిస్తుంది. ఈ విషయంలో @వాల్యూయే నయం, అది కనీసం దొరకలేదని చెబుతుంది. కాబట్టి @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ ఎంచుకుంటే ధ్రువీకరణ కూడా జతచేయాల్సిందే. వ్యాలిడేషన్ స్టార్టర్ కలుపుకుని, మీ సొంత క్లాస్ మీద @వ్యాలిడేటెడ్, యూఆర్‌ఎల్ మీద @నాట్‌బ్లాంక్, పూల్ సైజు మీద @మిన్ పెట్టండి. అప్పుడు తప్పుంటే స్టార్ట్ కాకముందే, ఏ కీలో తప్పో పేరుతో సహా చెప్పి ఆగుతుంది. సొంత క్లాస్ అయితే తెలియని కీలని వదిలేయొద్దని చెప్పే ఇగ్నోర్‌అన్‌నోన్‌ఫీల్డ్స్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేసుకోవచ్చు.

టైమ్‌అవుట్ విలువల్లో ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. మీ సొంత రికార్డులో డ్యూరేషన్ టైప్ పెడితే 30 పక్కన సెకన్ల గుర్తు రాసినా బూట్ అర్థం చేసుకుంటుంది. హికారీ సొంత కనెక్షన్-టైమ్‌అవుట్ మాత్రం మిల్లీసెకన్లలో ఉండే మామూలు సంఖ్య. అక్కడ 30000 అనే రాయాలి.

విలువలు నిజంగా చేరాయా లేదా చూసుకోవడానికి బూట్ పర్యవేక్షణ భాగమైన యాక్చుయేటర్‌లో కాన్ఫిగ్‌ప్రాప్స్ అనే ఎండ్‌పాయింట్ (వివరాలు చూపే వెబ్ చిరునామా) ఉంది. @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్‌తో కట్టినవన్నీ అందులో కనిపిస్తాయి, @వాల్యూతో తెచ్చినవి కనిపించవు. బూట్ 3లో విలువలన్నీ నక్షత్రాలతో దాచి చూపిస్తుంది. చూపించమని సెట్టింగ్ మార్చేముందు ఆ ఎండ్‌పాయింట్‌ని ఎవరెవరు తెరవగలరో చూసుకోండి.

జావాలోనే మరో దారి, స్ప్రింగ్ బయట

అప్లికేషన్ సర్వర్ల మీద నడిచే పాత ప్రాజెక్టుల్లో @డేటాసోర్స్‌డెఫినిషన్ కనిపిస్తుంది. 2009లో జావా ఈఈ 6తో వచ్చింది. సర్వర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ అన్నీ ఆనొటేషన్ లోపలే రాస్తారు. అంటే కంపైల్ చేసిన కోడ్‌లోనే పాస్‌వర్డ్. వైల్డ్‌ఫ్లై లాంటి సర్వర్లలో ఆనొటేషన్ లోపలి విలువల్ని బయట నుంచి నింపే సెట్టింగ్ ఉంది, కానీ అది ఆ సర్వర్ ఇచ్చే సౌకర్యం. సర్వర్ మారితే మళ్ళీ మొదటికే వస్తుంది. దీన్ని డెమోలకే పరిమితం చేసి, ప్రొడక్షన్‌లో డేటాసోర్స్‌ని సర్వర్‌లోనే కట్టి జేఎన్‌డీఐ (సర్వర్‌లో ఉన్నదాన్ని పేరుతో వెతికే పద్ధతి) పేరుతో అందుకోవడమే నా సలహా.

క్వార్కస్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్‌కి వెళ్ళేవాళ్ళు ఒక్కటి చూసుకోవాలి. అక్కడ డేటాబేస్ రకం బిల్డ్ సమయంలోనే ఖరారవుతుంది, యూఆర్‌ఎల్, పాస్‌వర్డ్ మాత్రం నడిపేటప్పుడు మార్చుకోవచ్చు. జావా బయట, డాట్‌నెట్ వాళ్ళకి ఆప్షన్స్ క్లాస్ మీద రిక్వైర్డ్ లాంటి ఆట్రిబ్యూట్లు పెట్టి, వ్యాలిడేట్‌డేటాఆనొటేషన్స్‌తో పాటు డాట్‌నెట్ 6 నుంచి ఉన్న వ్యాలిడేట్‌ఆన్‌స్టార్ట్ పిలిస్తే పైన చెప్పిన రక్షణే దొరుకుతుంది.

పాస్‌వర్డ్

ఏ పద్ధతి ఎంచుకున్నా పాస్‌వర్డ్ జార్ లోపలి ఫైల్లో ఉండకూడదు. చిన్న సర్వర్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చాలు. కుబెర్నెటీస్ (కంటైనర్లని నడిపే వ్యవస్థ) వాడితే సీక్రెట్‌ని ఫైల్‌గా మౌంట్ చేసి, బూట్ 2.4లో వచ్చిన కాన్ఫిగ్‌ట్రీతో చదివించుకోవచ్చు. ఫైల్ పేరే కీ, అందులో ఉన్నదే విలువ.

సెట్టింగుల ఫైల్‌ని యామల్ ఫార్మాట్‌లో రాసేవాళ్ళు పాస్‌వర్డ్‌ని తప్పకుండా కోట్స్‌లో పెట్టండి. సున్నాతో మొదలై ఏ అంకే ఏడు దాటని పాస్‌వర్డ్‌ని యామల్ ఆక్టల్ (ఎనిమిది ఆధారిత) సంఖ్యగా చదువుతుంది. 0123456 అని రాస్తే అప్లికేషన్‌కి చేరేది 42798. పాస్‌వర్డ్ తప్పు అని డేటాబేస్ అంటుంది, ఫైల్లో చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది. అలాగే మధ్యలో ఖాళీ వదిలి హాష్ గుర్తు వస్తే అక్కడి నుంచి కామెంట్ అయిపోతుంది.

మీ పరిస్థితికి ఏది

కాలేజీ ప్రాజెక్ట్, డేటాబేస్ ఒక్కటి: ఆనొటేషన్ అవసరమే లేదు. కంపెనీ అప్లికేషన్ అయినా డేటాబేస్ ఒక్కటే అయితే అదే సమాధానం, పూల్ విలువలు మాత్రం ఆలోచించి రాయండి. రెండు డేటాబేసులు: డేటాసోర్స్‌ప్రాపర్టీస్ దారి. కస్టమర్‌కో డేటాబేస్ ఉండి జాబితా పెరుగుతూ పోతుంటే, పేరు నుంచి సెట్టింగులకి మ్యాప్ ఉన్న సొంత క్లాస్, దాని మీద ధ్రువీకరణ. అక్కడ @వాల్యూతో ఏమీ చేయలేరు. ఇప్పటికే @వాల్యూలతో నిండిన పాత ప్రాజెక్ట్ మీ నెత్తిన పడితే అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు కోలన్ డిఫాల్టులు తీసేయండి, తర్వాత కీ పేర్లని హైఫన్ రూపానికి తెండి, ఆ తర్వాతే ఒక క్లాసులోకి చేర్చండి.

టెస్టుల సంగతి కూడా చూసుకుని నిర్ణయించుకోండి. 2023లో వచ్చిన బూట్ 3.1 నుంచి @సర్వీస్‌కనెక్షన్ ఉంది. టెస్ట్‌కంటైనర్ (టెస్టు కోసం తాత్కాలికంగా లేపే) డేటాబేస్ మీద దాన్ని పెడితే ఆ వివరాలు తనే డేటాసోర్స్‌కి అందిస్తుంది, మీ ఫైల్లో ఉన్న యూఆర్‌ఎల్‌ని కూడా పక్కనపెడుతుంది. ఇది బూట్ కట్టిన డేటాసోర్స్‌కే వర్తిస్తుంది. డేటాసోర్స్‌ప్రాపర్టీస్‌తో మీరే కట్టుకున్న బీన్ ఆ వివరాల వైపు చూడదు, టెస్టు పాత యూఆర్‌ఎల్‌కే వెళ్తుంది. అలాంటప్పుడు టెస్ట్ క్లాసులో @డైనమిక్‌ప్రాపర్టీసోర్స్ వాడి, మీ ప్రిఫిక్స్ కింద ఉన్న యూఆర్‌ఎల్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మూడింటినీ కంటైనర్ నుంచి మీరే నింపాలి.